పెరటి బాతులకు రాత్రి ఏర్పాట్లు: నీళ్ళు, మేత, గూడు – ఏది ఎవరికి కుదురుతుంది?

పెరట్లో ఐదో పదో బాతులు పెంచుదామనుకునేవాళ్ళు ముందు గూడు కట్టిస్తారు. తర్వాత మేత ఏం పెట్టాలని అడుగుతారు. నీళ్ళ ఊసు ఆఖర్న వస్తుంది, అదీ గూట్లో ఊకంతా బురదయ్యాక. ఈ వరస తిరగేసుకుంటే సగం తిప్పలు తప్పుతాయి. రాత్రి లోపల నీళ్ళు ఉంచాలా వద్దా అన్నది తేలిందంటే గచ్చు వెయ్యాలా మట్టి చాలా, ఊక పరవాలా ఇసుకా, సాయంత్రం తడి మేతా గుళికలా అన్నవన్నీ దాని వెనకే తేలిపోతాయి.

కింద చెప్పే లెక్కలు పది పెద్ద బాతులకు. ఖాకీ కాంప్‌బెల్ (గుడ్ల కోసం పెంచే జాతి) గానీ నాటువి గానీ, పగలు కాలవ గట్టునో చేలోనో తిరిగొచ్చి రాత్రి గూట్లో పడుకునేవి అనుకుందాం.

నీళ్ళు: ఉంచాలా, తీసెయ్యాలా?

మేత, నీళ్ళు రెండూ తీసెయ్యడం ఒక పద్ధతి. నీళ్ళు మాత్రమే ఉంచడం ఇంకొకటి. రెండూ ఉంచడం మూడోది. మేత ఉంచి నీళ్ళు తీసెయ్యడం మాత్రం ఎప్పుడూ చెయ్యకూడదు. బాతు కోడిలా గింజ ఏరుకుని మింగదు. నోటినిండా మేత తీసుకుని, నీళ్ళలో ముక్కు ముంచి తడుపుకుంటూ మింగుతుంది. నీళ్ళు లేకుండా పొడి దాణా తింటే అది గొంతులో ముద్దకడుతుంది, ముక్కు రంధ్రాలు పూడుకుపోతాయి. మెడ సాగదీసి తల విదిలిస్తూ తిరుగుతుంది. చూసేవాళ్ళు లేకపోతే ఊపిరాడక చచ్చిపోతుంది కూడా.

రెండూ తీసెయ్యడంలో ఉన్న లాభం పొడి గూడు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, సాయంత్రం కడుపునిండా తిని తాగిన పెద్ద బాతులకు రాత్రి పది గంటలు ఏమీ లేకపోయినా నష్టం లేదు. చిక్కు ఎక్కడొస్తుందంటే, గుడ్లు పెట్టే బాతుల దగ్గర. బాతు తెల్లవారుజాము నుంచి ఎనిమిది, తొమ్మిది లోపల గుడ్డు పెడుతుంది. ఆరింటికే వదిలేస్తే గుడ్లు కాలవలో, తుప్పల్లో పోతాయి. అందుకని ఎనిమిదిన్నర దాకా ఆపుతారు. సాయంత్రం ఆరింటికి మూసిన గూడు ఎనిమిదిన్నరకు తెరిస్తే పద్నాలుగున్నర గంటలు. అన్ని గంటలు నీళ్ళు లేకుండా ఉంచితే గుడ్ల లెక్క తగ్గుతుంది, తలుపు తియ్యగానే ఒకదాన్నొకటి తొక్కుకుంటూ పరిగెడతాయి. దీనికి సులువైన దారి ఉంది. పొద్దున ఐదున్నర, ఆరు మధ్య తలుపు ఓరగా తీసి ఒక బేసిన్ నీళ్ళు లోపల పెట్టి మళ్ళీ మూసెయ్యాలి. రాత్రి గూడు పొడిగా ఉంటుంది, గుడ్లూ దక్కుతాయి. పొద్దున్నే లేచే ఇంట్లో ఇదే అన్నిటికన్నా మంచి పద్ధతి.

లేవలేనివాళ్ళు, ఉద్యోగాలకు పోయేవాళ్ళు నీళ్ళు లోపలే ఉంచుకోవాలి. మార్చి నుంచి జూన్ దాకానైతే ఎవరైనా ఉంచాల్సిందే. కోస్తాలో ఉక్కపోత రాత్రి పూట కూడా వదలదు, ఖమ్మం, రామగుండం పక్కన గోడలు అర్ధరాత్రి దాకా వేడి కక్కుతుంటాయి. బాతుకి చెమట పట్టదు, నోరు తెరిచి ఆయాసపడి ఒళ్ళు చల్లబరుచుకుంటుంది. అలా పోయిన నీరు పూడాలంటే తాగడానికి ఉండాలి.

ఉంచేటప్పుడు బేసిన్ మాత్రం పెట్టకండి. తెల్లారేసరికి అందులో ఒక బాతు కూర్చుని ఉంటుంది, మిగతా తొమ్మిదీ తాగేది దాని స్నానం నీళ్ళే. ఇరవై లీటర్ల ప్లాస్టిక్ డబ్బా తీసుకుని, పక్కన అడుగు నుంచి ఆరేడు అంగుళాల ఎత్తులో నాలుగు అంగుళాల గుండ్రటి రంధ్రాలు రెండు కొయ్యండి. అంచులు గీరుకోకుండా గరుకు కాగితంతో రుద్దండి. రంధ్రాల కింది అంచుకి అంగుళం దిగువ వరకు నీళ్ళు పొయ్యాలి. తల పడుతుంది, ఒళ్ళు పట్టదు. నీళ్ళు ఐదారు అంగుళాల లోతు ఉంటేనే ముక్కుతో పాటు కళ్ళు కూడా కడుక్కోగలవు. అది కుదరని బాతులకు కళ్ళ చుట్టూ పుసి కట్టి రెప్పలు అంటుకుంటాయి.

డబ్బా పెట్టే చోట, గూటి తలుపు పక్కనే, రెండడుగుల చదరంలో అడుగు లోతు గుంట తవ్వి కంకర నింపండి. పైన అరంగుళం కన్ను ఉన్న వెల్డెడ్ జాలిని చెక్క చట్రానికి బిగించి పరవండి. ఒలికిన నీళ్ళు కంకరలోకి దిగిపోతాయి. నేల నల్లరేగడి అయితే గుంట అడుగు నుంచి బయటికి రెండంగుళాల పైపు పెట్టక తప్పదు. లేకపోతే వారంలో అది మురుగు గుంట అయిపోతుంది. ఈ గుంట లేకుండా నీళ్ళు లోపల ఉంచాలనుకుంటే రోజూ ఊక మార్చే ఓపిక ఉండాలి.

మూడో పద్ధతి, రెండూ ఉంచడం, పిల్లలకీ మాంసం కోసం పెంచే వైట్ పెకిన్‌లకీ మాత్రమే. పెకిన్ ఆరేడు వారాల్లో రెండు కిలోలు దాటాలంటే రాత్రి కూడా తినాలి. గుడ్ల బాతులకు రాత్రి మేత పెడితే లాభపడేది పందికొక్కులే.

సాయంత్రం మేత: గుళికలా, తడి మేతా, ఉత్త ధాన్యమా?

కట్టేసి పెంచే బాతు రోజుకి 140 నుంచి 160 గ్రాములు తింటుంది. నత్తలు, పురుగులు, చేలో రాలిన గింజలు దొరికే చోట సాయంత్రం ఒక్కపూట తలకి 60, 70 గ్రాములు చాలు. వరి కోతలయ్యాక ఇంకా తగ్గించొచ్చు. డెల్టాలో బాతుల మందలవాళ్ళు కోసిన చేలవెంట ఊరూరా తిరిగేది ఆ రాలిన గింజల కోసమేగా. సాయంత్రం గూటికి చేరిన బాతు మెడ అడుగుభాగం, రొమ్ము పైన, వేళ్ళతో తడిమి చూడండి. గట్టిగా నిండి ఉంటే బయట బాగా దొరికిందని అర్థం.

లేయర్ గుళికలు, అంటే గుడ్లు పెట్టే కోళ్ళకని అమ్మే దాణా గుళికలు, తేలిక. వృథా తక్కువ, మాంసకృత్తుల శాతం సంచి మీదే ఉంటుంది, గుడ్ల బాతుకి 16 నుంచి 18 ఉంటే సరి. అదే దాణా పొడిగా అమ్మే లేయర్ మాష్ మాత్రం బాతుకి నప్పదు, సగం నీళ్ళలో కలిపి పారేస్తుంది. దాన్ని కొనాల్సివస్తే తడిపి పెట్టండి. లేయర్ దాణాలో సున్నం (కాల్షియం) ఎక్కువ కాబట్టి పిల్లలకు పెట్టకూడదు, వాటి మూత్రపిండాలు దెబ్బతింటాయి.

తడి మేత ఇంట్లో కలుపుకుంటే ఖర్చు తగ్గుతుంది. కిలో పొడి మిశ్రమానికి కొలత ఇది: నూకలు 400 గ్రాములు, తవుడు 250, సోయా చెక్క 200, ఉప్పు వెయ్యని ఎండుచేపల పొడి 70, నత్తగుల్ల లేదా ఆల్చిప్పల పొడి 60, ఖనిజ లవణ మిశ్రమం 20. దీంట్లో మాంసకృత్తులు 18 శాతం దగ్గరగా వస్తాయి. పగలు తిరిగొచ్చే పది బాతులకు ఇందులో 600 నుంచి 700 గ్రాములు ఒక సాయంత్రానికి సరిపోతుంది. పిడికిట్లో నొక్కితే ముద్ద అవ్వాలి, వదిలితే విరిగిపోవాలి. అంతవరకే నీళ్ళు. జావలా కలిపితే కడుపు నీళ్ళతో నిండుతుంది గానీ మేత లోపలికి పోదు. గంటలో తినగలిగినంతే పెట్టి, మిగిలింది తీసి తొట్టి కడిగెయ్యాలి. ఎండాకాలం రెండు గంటలు దాటితే పులుస్తుంది.

ఈ కొలతలో వేరుశనగ చెక్క ఎందుకు లేదని కోస్తావాళ్ళు అడుగుతారు. చవకే, ఇంటి పక్క గానుగలోనే దొరుకుతుంది. కానీ దానికి పట్టే బూజు నుంచి వచ్చే అఫ్లాటాక్సిన్ విషానికి బాతంత సున్నితమైన పెంపుడు పక్షి ఇంకోటి లేదు. కోడి తట్టుకునే మోతాదుకే బాతు కాలేయం దెబ్బతిని, మేత మానేసి, కాళ్ళు లాగేసుకుని చస్తుంది. వానాకాలం నిలవ ఉన్న చెక్కకి, సరిగా ఎండని మొక్కజొన్నకి ఈ ప్రమాదం ఎక్కువ. కంటికి బూజు కనపడకపోయినా విషం ఉండొచ్చు. కడిగినా, ఉడకబెట్టినా పోదు. అందుకని కోళ్ళకి వేరుశనగ చెక్క పెట్టే ఇంట్లో కూడా బాతులకు సోయా చెక్కే తీసుకోమంటాం. తవుడు కూడా మిల్లు నుంచి రెండు వారాలకు సరిపడా మాత్రమే తెచ్చుకోండి. అందులో నూనె ఉంటుంది కాబట్టి తొందరగా ముక్కిపోతుంది. ముక్కవాసన వస్తే పశువులకూ వద్దు, బాతులకూ వద్దు.

ఇక ఉత్త ధాన్యం. తిరగడానికి చేను, కాలవ ఉన్న బాతులకు సాయంత్రం గుప్పెడు వడ్లు చాలని పెద్దవాళ్ళు చేసింది తప్పేం కాదు, అవి మాంసకృత్తులు బయట నత్తల్లో వెతుక్కునేవి. అలా తిరగని బాతుకి వడ్లు మాత్రమే పెడితే గుడ్లు ఆగిపోతాయి. వడ్లు పెట్టేటట్లయితే పొద్దున బక్కెట్లో నానబోసి సాయంత్రం నీళ్ళు వంపేసి పెట్టండి, గింజ మెత్తబడి సులువుగా అరుగుతుంది. అజొల్లా (నీళ్ళ మీద తేలుతూ పెరిగే చిన్న మొక్క) తొట్టి ఉంటే మంచిదే, అయితే అది పచ్చిమేత, దాణా బదులు కాదు. అన్నం, సాంబారు మిగులు పడెయ్యడం గురించి ఒక్కమాట: ఉప్పు, నూనె ఉన్నవి వద్దు, పాచిపోయినవి అసలే వద్దు.

మేత వేళ కూడా ముఖ్యమే. మునిమాపు వేళ, గూటి లోపలో వాకిట్లోనో, రోజూ ఒకే చోట పెడితే నాలుగైదు రోజుల్లో పిలవకుండానే వస్తాయి. చీకటి పడ్డాక చెరువులో ఉన్న బాతుల్ని గట్టెక్కించడం ఎంత కష్టమో ఒకసారి చేసినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

గూడు

తలకి నాలుగు చదరపు అడుగులు చొప్పున పది బాతులకు ఎనిమిది అడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు కావాలి. తలుపు రెండడుగుల వెడల్పుకి తగ్గకూడదు, బాతులు గుంపుగానే లోపలికి పోతాయి. కోళ్ళగూటికి పెట్టే అడుగు వెడల్పు తలుపులో ఇరుక్కుని కాళ్ళు విరగ్గొట్టుకుంటాయి. గడప నాలుగంగుళాలు దాటొద్దు.

వెదురు గంప కింద కమ్మడం రెండు మూడు బాతులకు, అదీ వసారాలో మనుషులు పడుకునే చోట అయితే సరే. బయట పెడితే ఊరకుక్క ముట్టెతో తిరగేస్తుంది. పైన రాయి పెట్టడం దానికి విరుగుడు కాదు.

ఎత్తు మీద కట్టే చెక్క గూడు కోళ్ళకు బాగుంటుంది. బాతులకు ఎక్కే బల్ల వాలు తక్కువగా, పొడవుగా ఉండాలి, అడ్డపట్టీలు కొట్టాలి. కింద తీగల జాలి వేస్తే పెకిన్ లాంటి బరువు బాతులకు అరికాళ్ళు కోసుకుని చీము పడతాయి. వరద వచ్చే లంక ఊళ్ళలో, నేల మీద కట్టే వీలే లేనిచోట ఇదే దారి. అక్కడ చెక్క పట్టీల నేల వేసి దానిమీద ఊక పరవండి.

ఎక్కువమందికి కుదిరేది నేల మీద కట్టే పాక. అడుగున్నర ఎత్తు అరుగు, చుట్టూ రెండడుగుల ఇటుక గోడ, ఆ పైన చూరు దాకా జాలి, మీద తాటాకు గానీ రేకు గానీ. బాతుకి రాత్రి వెచ్చదనం కన్నా గాలి ముఖ్యం. మూసేసిన గదిలో రెట్ట నుంచి లేచే ఘాటు వాయువు కళ్ళను, ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. మీరు వంగి బాతు తల ఎత్తులో ఊపిరి పీల్చి చూడండి, కళ్ళు మండితే గాలి చాలడం లేదన్నమాట. రేకు వేస్తే పైన కొబ్బరి మట్టలో తాటాకో కప్పాలి. తుఫాను గాలికి లేచిపోకుండా దూలాలకు తీగతో కట్టడం మర్చిపోవద్దు.

జాలి దగ్గర పొదుపు చెయ్యకండి. ఆరు మూలల సన్నతీగ కోడి జాలి బాతుల్ని లోపల ఆపుతుంది గానీ బయటివాటిని ఆపదు. కుక్క పళ్ళతో లాగి చింపుతుంది, పెద్ద కన్ను గుండా పిల్లి పంజా లోపలికి వస్తుంది. అరంగుళం కన్ను వెల్డెడ్ జాలి ధర ఎక్కువే, కానీ అదే వెయ్యాలి. డబ్బు చాలకపోతే కింది మూడడుగుల వరకు వెల్డెడ్ జాలి, పైన కోడి జాలి వెయ్యొచ్చు, పైకప్పు దగ్గర సందు లేకుండా చూసుకుంటే. పందికొక్కు, ముంగిస, నక్క కింద నుంచి తవ్వుతాయి. గచ్చు వేస్తే ఆ బాధ లేదు. మట్టినేల అయితే గోడ బయటి వైపు జాలిని అడుగున్నర వెడల్పున నేలమీద పడుకోబెట్టి పైన మట్టి కప్పండి. తవ్వే జంతువు గోడ మొదట్లోనే మొదలుపెడుతుంది, జాలి తగలగానే వదిలేస్తుంది. వెనక్కి జరిగి తవ్వాలన్న తెలివి దానికి రాదు. తలుపుకి ఉత్త గొళ్ళెం కాకుండా కొక్కెం కూడా పెట్టండి.

కోరింగ మడఅడవుల చుట్టుపక్కల ఊళ్ళలో బావురుపిల్లి వస్తుంది. అది నీళ్ళకు భయపడే జంతువు కాదు, కాబట్టి చెరువు మధ్య దిబ్బ మీద బాతులు క్షేమమన్న లెక్క పనిచెయ్యదు. చట్టం రక్షణలో ఉన్న జంతువు అది. ఉచ్చులు, విషం జోలికి పోకుండా గూడే గట్టిగా కట్టుకోవాలి.

వలకట్టి ఆరుబయట పడుకోబెట్టడం మందలవాళ్ళ పద్ధతి. వాళ్ళకది నడుస్తుందంటే పక్కనే మనిషి పడుకుంటాడు. ఇంట్లో తలుపులేసుకుని పడుకునేవాళ్ళు దాన్ని చూసి నేర్చుకోకూడదు.

కింద పరిచేది

బాతు రెట్టలో తొంభై శాతం దాకా నీరే. వరి ఊక రెండు మూడు అంగుళాల మందాన పరిస్తే పెద్దగా బూజు పట్టదు, ఆరబెట్టి తిరగేసి వాడొచ్చు, పైగా డెల్టాలో దాదాపు ఉచితం. మొదట ఎంచుకోవలసింది ఇదే. గడ్డి మెత్తగా ఉంటుంది, గుడ్లు పెట్టే మూలలో బాగుంటుంది. తడిసి రెండ్రోజులుంటే మాత్రం లోపల బూజు పడుతుంది, ఆ పొడి పీలిస్తే ఊపిరితిత్తుల జబ్బు. ఇసుక నీళ్ళ డబ్బా ఉన్న మూలకి పనికొస్తుంది. రంపపు పొట్టు పిల్లల దగ్గర వెయ్యొద్దు, మేత అనుకుని తింటాయి. తడిసిన ఊకను రోజూ పారతో ఎత్తి కొత్తది చల్లండి, మొత్తం పదిహేను రోజులకోసారి మార్చండి. ఆ ఊక కొబ్బరి మొదట్లో వేస్తే ఎరువు.

గుడ్లకి ఓ మూల అడుగు చదరం, అడుగున్నర ఎత్తు గళ్ళు నాలుగు చాలు, మూడు బాతులకొకటి చొప్పున. నేలమీదే ఉండాలి.

రాత్రి దీపం

ఖాకీ కాంప్‌బెల్ ఏడాదికి 250కి పైగా గుడ్లు పెట్టాలంటే రోజుకి 14 నుంచి 16 గంటల వెలుతురు ఉండాలి. మన దగ్గర డిసెంబరులో పగలు పదకొండు గంటల పైచిలుకే. ఆ లోటు దీపంతో పూడ్చాలనుకుంటే తెల్లవారుజామున వేసుకోండి, రాత్రి కాదు. రాత్రి వేసిన దీపం టక్కున ఆరితే, కరెంటు పోయినా సరే, బాతులు బెదిరి మూలకు తొక్కుకుంటాయి. టైమరు పెట్టి వారానికి అరగంట చొప్పున ముందుకు జరుపుతూ మూడున్నరకి తెస్తే, తెల్లారేవరకు మూడు గంటలు అదనంగా వస్తుంది. గది మొత్తానికి ఐదు వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఒకటి చాలు. ఇక్కడ కూడా మళ్ళీ నీళ్ళ సంగతే. దీపం వెలిగిన దగ్గర్నుంచి బాతు మెలకువగా ఉంటుంది, తాగడానికి వెతుకుతుంది. దీపం పెట్టేవాళ్ళు రాత్రి నీళ్ళు తీసెయ్యకూడదు. ఇంటి మట్టుకు గుడ్లు చాలనుకుంటే దీపం జోలికి పోకపోవడమే నయం. చలికాలంలో గుడ్లు కొన్ని తగ్గుతాయి, అంతే.

పిల్లలుంటే లెక్క వేరు

మొదటి మూడు వారాలు రాత్రంతా మేత, నీళ్ళు, వేడి మూడూ ఉండాలి. మొదటి వారం పిల్లల ఎత్తులో 30 నుంచి 32 డిగ్రీలు, తర్వాత వారానికి మూడు డిగ్రీలు తగ్గించాలి. బల్బు కింద కుప్పపడితే చలి, గోడలకు ఆనుకుని నోళ్ళు తెరిస్తే వేడి, చెల్లాచెదురుగా పడుకుంటే సరిగ్గా ఉన్నట్టు. నీళ్ళ పళ్ళెంలో గులకరాళ్ళు వెయ్యండి, ముక్కు మునగాలి గానీ పిల్ల మునగకూడదు. తల్లి లేకుండా పొదిగిన పిల్లల ఈకలకు నూనె పూత సరిగా ఉండదు, తడిస్తే రాత్రికి రాత్రే చలికి చస్తాయి. కోడిపిల్లల దాణా పెట్టేవాళ్ళు మందు కలపనిది అడిగి తీసుకోండి. బాతుపిల్లకి నియాసిన్ (బి3 విటమిన్) అవసరం కోడిపిల్ల కన్నా ఎక్కువ, కిలో దాణాకి 55 మిల్లీగ్రాములు. అది చాలకపోతే కాళ్ళు దొడ్డికాళ్ళవుతాయి. కిలో దాణాకి 50 గ్రాముల బ్రూవర్స్ ఈస్ట్ (బీరు తయారీలో వాడే ఈస్ట్ పొడి) కలిపితే లోటు తీరుతుంది.

కోళ్ళతో కలిపి పడుకోబెట్టొచ్చా?

స్థలం లేక చాలామంది చేసేదిదే, మేం వద్దంటాం. బాతులు తడిపిన ఊక మీద కోళ్ళకు రక్తపారుడు వస్తుంది, దండెం మీది కోళ్ళ రెట్ట కింద బాతుల వీపున పడుతుంది. అంతకన్నా పెద్ద కారణం ఉంది. బర్డ్ ఫ్లూ వైరస్‌ను బాతు ఏ జబ్బు లక్షణం లేకుండా మోయగలదు, కోడికి అదే ప్రాణాంతకం. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ళఫారాల్లో ఆ జబ్బు వచ్చింది. చెరువుల్లో వలస పక్షులతో కలిసి తిరిగే బాతుల్ని కోళ్ళతో ఒకే కప్పు కింద ఉంచడం అప్పటినుంచి ఇంకా కష్టంగా సమర్థించుకోవాల్సిన పని. తప్పదంటే మధ్యలో జాలి కాదు, గోడ ఉండాలి, నీళ్ళ డబ్బాలు వేరువేరుగా ఉండాలి.

మస్కవీ జాతి పెంచేవాళ్ళు పైన చెప్పిన గూట్లో ఒక్క మార్పు చేసుకోవాలి. మిగతా బాతులు నేలమీదే పడుకుంటాయి, మస్కవీలకు ఎత్తెక్కడం ఇష్టం. రెండడుగుల ఎత్తులో నాలుగంగుళాల వెడల్పు చెక్క అడ్డంగా వేస్తే దానిమీదే పడుకుంటాయి. నీళ్ళ డబ్బా మాత్రం ఆ చెక్క కింద పెట్టకండి.